గంటలో పది నిమిషాలు

బస్సు డిపోలో టైంటేబుల్ సెక్షన్ అని ఒక గది ఉండేది. పొడవాటి బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా చార్టు, ఆ చార్టు ముందు ఒక మనిషి. ముప్ఫై నాలుగేళ్లు ఆ మనిషి మారలేదు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఏ ఊళ్లో ఎంతసేపు ఆగాలో, ఎన్నింటికి తిరిగి గేట్లోకి రావాలో అన్నీ ఆయనే రాసేవాడు. అందుకని డ్రైవర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా అందరూ ఆయన్ని నిమిషాలాయన అనేవాళ్లు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయనకి కోపం వచ్చేది కాదు. పైగా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

గర్వపడడానికి కారణం లేకపోలేదు. వేరే డిపోల్లో ఎందుకైనా మంచిదని ప్రతి ట్రిప్పుకీ పదో పదిహేనో నిమిషాలు కలిపేసి, ఆనక బస్సు టైముకి వచ్చిందని జబ్బలు చరుచుకునేవాళ్లు. ఈయన దగ్గర ఆ పప్పులు ఉడకవు. తనే బస్సెక్కి, చేతి గడియారం చూసుకుంటూ దారంతా కొలిచి వచ్చేవాడు. ప్రయాణానికి ఎంత పడుతుందో అంతే రాయాలి. ఆలస్యమవుతుందని భయముంటే కాగితం చివర వేరే గడి ఉంది, అక్కడ రాసుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆయన చెప్పే మొదటి పాఠం ఇదే. కొందరికి మొదటి పాఠం, చివరి పాఠం కూడా ఇదే అయ్యేది.

ఆయన భార్య అదే డిపోలో కండక్టరు. దక్షిణం సర్వీసు మీద పదకొండేళ్లు పనిచేసింది. ఆ దారిలో మూడు పాత నగరాలున్నాయి. చరిత్ర పుస్తకాల్లో వాటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి గానీ, బస్సువాళ్లకి అవి కోట, గంట, వంతెన. కోటకి రెండు టికెట్లు కొట్టు, గంటకి ఒకటిన్నర కొట్టు, అంతే. ఒక్కో ఊళ్లో బస్సు ఆగేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఆమె కంట్రోలరు దగ్గర సంతకం పెట్టించుకోవాలి, దిగేవాళ్లని దింపాలి, ఎక్కేవాళ్లని ఎక్కించాలి, చిల్లర కోసం కొట్లాడాలి, వీలైతే మంచినీళ్లు తాగాలి.

అలా పదకొండేళ్లలో ఆమె కోటలో చూసింది బస్టాండు రేకుల మీదుగా కనిపించే గోడ ముక్క, దాని మీద కాకులు. గంటలో అదీ లేదు. గంట స్తంభానికి అడ్డంగా ఎవరో నాలుగంతస్తుల లాడ్జి కట్టారు. బస్సు పదకొండూ యాభై ఐదుకి వస్తుంది కాబట్టి పన్నెండు గంటలు కొట్టడం మాత్రం వినపడేది, అది కూడా టికెట్ల గోలలో సగం సగం. ఇక వంతెన ఊళ్లో, రాతి వంతెన పాతబడిందని బస్సుల్ని రానివ్వరు. అల్లంత దూరంలోనే బండి వెనక్కి తిప్పాలి. ఆ తిప్పేటప్పుడు ఆమె కిందికి దిగి, బస్సు వెనకాల నిలబడి, రైట్ రైట్ అంటూ బండి మీద చరుస్తూ ఉండేది. అంటే వంతెన ఆమె వీపు వైపు ఉండేది.

ఒకరోజు పొద్దున్న టిఫిను దగ్గర అడిగింది. "గంటలో పది నిమిషాలే పెట్టారేంటండీ? పావుగంట పెంచితే నేనొక్కసారి వీధి చివరిదాకా పోయి ఆ స్తంభం చూసొస్తాను కదా."

"బాగుంది! నా పెళ్లాం చూడ్డానికని బస్సు ఆపితే డిపో అంతా నవ్విపోతుంది," అన్నాడు నిమిషాలాయన. "రిటైరయ్యాక తీరిగ్గా చూద్దాంలే."

పెద్ద విషయం కాదనే ఇద్దరూ అనుకున్నారు. తర్వాతేమో ఆమె రెండు కిడ్నీలూ పాడైపోయాయి. నాలుగేళ్ల కింద టికెట్ల మిషను డిపోలో అప్పజెప్పి ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచీ మంగళ, గురు, శనివారాలు పొద్దున ఆరింటికి ఆసుపత్రికి పోవాలి. కిటికీ పక్క కుర్చీలో నాలుగు గంటలు కూర్చుంటే మిషను రక్తం శుభ్రం చేసి పంపిస్తుంది. వారంలో వాళ్లకి దొరికే పెద్ద ఖాళీ శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం రాత్రి వరకూ. ఆయన రిటైరై రెండేళ్లయినా, ఆ ఖాళీలో ఎక్కడికైనా వెళ్దామన్న మాట ఆయన నోట రాలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

చివరికి ఎత్తింది డాక్టరమ్మ. ఒకరోజు ఇద్దర్నీ కూర్చోబెట్టి, గుండె కూడా బలహీనపడుతోందని దాపరికం లేకుండా చెప్పింది. "ఎక్కడికైనా వెళ్లి రావాలని ఉంటే ఈ నెలలోనే వెళ్లి రండి. తర్వాత నేను ఒప్పుకోలేకపోవచ్చు. రోజుకి ఆరు గంటలకి మించి బండిలో కూర్చోబెట్టకండి. మంగళవారం పొద్దునకి మాత్రం ఇక్కడ ఉండాలి."

బయటికొచ్చి మెట్లు దిగుతూ కండక్టరమ్మ ఒకటే మాట అంది. "మూడూళ్లూ చూడాలండీ. బస్టాండు దాటి చూడాలి."

ఆమె తమ్ముడు తన చిన్న కారు ఇచ్చి, బావనే నడుపుకుంటూ తీసుకెళ్లమన్నాడు. నిమిషాలాయన అటక మీది నుంచి పాత గళ్ల కాగితాలు దించి, స్కేలు, పెన్సిలు పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఆమె పక్క గదిలో బట్టలు సర్దుకుంటూ మధ్యమధ్య తొంగి చూసేది. "మూడూళ్లకి ఇంత రాతా? ఈపాటికి మీరు డిపో మొత్తానికి రాసి పారేసేవారే," అని ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు కాదు. మామూలుగా అయితే కాస్తయినా నవ్వేవాడు.

నాలుగో రోజు సాయంత్రం కాగితం ఆమె ముందుకి జరిపాడు. "కుదరట్లేదు. నువ్వే చూడు. ఆదివారం ఏడున్నర గంటలు బండిలో ఉండాలి. సోమవారం ఆరున్నర. డాక్టరమ్మ ఆరే అంది. కోట ఒక్కటీ చూసి వచ్చేద్దాం. మిగతావి ఇంకోసారి చూద్దాం."

ఇంకోసారి అన్న మాట ఆయన నోట్లోంచి చాలా తేలిగ్గా వచ్చింది. ఆమె కళ్లజోడు తెచ్చుకుని, కాగితం దీపం కిందికి లాక్కుని, గడి గడీ వేలు పెట్టి చదివింది. టికెట్ల షీటు తప్పొచ్చినప్పుడు చదివేది కూడా అలాగే. వేలు ఒకచోట ఆగిపోయింది.

"గంట నుంచి వంతెనకి ఐదు గంటలని రాశారు."

"అవును."

"బస్సుకే మూడు గంటల పది నిమిషాలు. కారుకి ఐదెందుకవుతుందండీ? నెత్తిన పెట్టుకుని మోసుకెళ్తున్నామా?"

"రోడ్డు బాగోలేదట." ఆయన స్కేలు తీసి పెట్టెలో పెట్టాడు, మళ్లీ తీశాడు.

ఆమె ఫోను తీసి, పదకొండేళ్లు తన బస్సు నడిపిన మీసాల డ్రైవరుకి కొట్టింది. ఆయన ఇంకా అదే దారి మీద ఉన్నాడు. గొంతు గదంతా వినబడింది. "రోడ్డా? అద్దంలా ఉంది చెల్లెమ్మా! నిన్ననే వెళ్లొచ్చాను. మూడు గంటల ఐదు నిమిషాలు. అయినా ఇంట్లో మన నిమిషాలాయన్ని పెట్టుకుని నన్నడుగుతావేం?"

ఫోను పెట్టేశాక కండక్టరమ్మ పెన్సిలు తీసుకుంది. ఆయన రాసిన ప్రతి అంకె పక్కనా తనకి తెలిసిన అంకె వేసింది. కోటకి నాలుగు గంటలని ఉన్నచోట రెండు గంటల ఇరవై నిమిషాలు. కోట నుంచి గంటకి రెండున్నర అని ఉన్నచోట గంటన్నర. వంతెనకి మూడు గంటల పది. హైవే మీద తిరుగు ప్రయాణం ఆరున్నర కాదు, ఐదు గంటల ఇరవై. ఎక్కడా ఆరు దాటలేదు. మూడూళ్లూ చక్కగా కుదిరాయి.

కింద గీత గీసి, తేడా కూడింది. "ఐదు గంటల నలభై నిమిషాలు కలిపారు."

నిమిషాలాయన తల వంచుకున్నాడు. ఉద్యోగంలో ఒక్క దొంగ నిమిషం రాయలేదని మీటింగుల్లో చెప్పుకున్న మనిషి, సొంత ఇంట్లో, సొంత భార్యకి రాశాడు. అంతకంటే కూడా ఆ అంకె ఆయన్ని కోసింది. ఆమెకి మిగిలిందే కాస్త కాలం. అందులోంచి తను ఎంత లాక్కోబోయాడో అక్కడ లెక్క తేలి ఉంది. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"భయమేసింది," అన్నాడు చివరికి. "ఇంట్లో ఉంటే పక్క వీధిలోనే ఆసుపత్రి. ఆ దారిలో నీకేమైనా అయితే నేనేం చెయ్యను? నాకేం తెలుసు? అంకెలెయ్యడం తప్ప నాకేం చేతనవును? నువ్విలా ఇంట్లో, కళ్లెదురుగా ఇంకో ఏడాది ఉంటే నాకదే చాలు."

"మీకు చాలు," అంది ఆమె. కోపంగా అనలేదు. "నాకు?"

ఆయన ఆ అంకె మీద అరచెయ్యి పెట్టి మూశాడు.

"నాకూ భయమేనండీ. శనివారం వచ్చిందంటే మంగళవారం దాకా బతికుంటానా అని లెక్కపెట్టుకుంటూనే ఉంటాను. అది మీకు చెప్పానా? మీ భయం మీకుంటే వేరే గడిలో రాసుకోండి. నా నిమిషాల్లో కలపకండి."

నిమిషాలాయన ఏడ్చాడు. మగవాళ్లు ఏడిస్తే బాగోదని చిన్నప్పుడు ఎవరో చెప్పి ఉంటారు, అందుకని ముఖం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. ఆమె ఊరుకోబెట్టలేదు. ఊరుకోబెడితే మళ్లీ ఇద్దరూ ఏమీ జరగనట్టే ఉండిపోతారని ఆమెకి తెలుసు. వెళ్లి టీ పెట్టి, ఆయనకి గ్లాసు నిండా, నీళ్లయినా టీ అయినా కొలిచే తాగాలన్న డాక్టరమ్మ లెక్క ప్రకారం తనకి నాలుగు గుక్కలు పోసి తెచ్చింది.

టీ తాగి ఆయన కొత్త కాగితం తీశాడు. ఈసారి ఆమె చెబుతుంటే రాశాడు. శనివారం పన్నెండున్నరకి ఇంటి నుంచి. రెండూ యాభైకి కోట. ఆదివారం ఉదయం తొమ్మిదికి గంట. "అక్కడ పన్నెండు కొట్టేదాకా ఉందాం. స్తంభం ఎదురుగా నిలబడి విందాం," అందామె. "సరే, గంటలో మూడు గంటలు," అని రాసి, రాసింది చదువుకుని ఆయన కొంచెం నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

అప్పుడు కాగితం చివర ఒక గడి గీశాడు. దానికి పేరు పెట్టలేదు. ఫోను పట్టుకుని గంటసేపు తంటాలు పడి, కోటలో ఏ ఆసుపత్రిలో కిడ్నీ మిషను ఉందో, అక్కడ ఎవరితో మాట్లాడాలో, గంటలో రాత్రీ పగలూ తెరిచి ఉండేది ఏదో, కనుక్కుని నంబర్లతో సహా ఆ గడిలో రాశాడు. వంతెన దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ అలాంటి ఆసుపత్రి లేదు. దగ్గర్లో ఉన్నది గంటన్నర దూరం. కాసేపు పెన్సిలు కొరికి, ఉన్నది ఉన్నట్టు రాశాడు.

కండక్టరమ్మ కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివింది. ఆ చివరి గడి రెండుసార్లు చదివింది. బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి మడిచింది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి. అక్కడ నాకేమైనా అయితే, మీరొక్కరే బండి నడుపుకుంటూ ఇంటికి రాగలరా?"

అలాంటి మాటలెందుకని అనబోయాడాయన. అలా అనడం ఎంతో సులువు, నాలుగేళ్లుగా అదే అంటున్నాడు. ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ ఎదురు చూసింది. ఇంతకాలం ఆ దారి గురించి ఆలోచించిన ప్రతిసారీ పక్క సీటు ఖాళీగా కనపడగానే ఆయన ఆలోచన ఆపేసేవాడు. ఇప్పుడు ఆపలేదు. ఖాళీ సీటు పక్కన కూర్చుని, హైవే ఎక్కి, చీకటి పడకముందే ఊళ్లోకొచ్చి, ఇంటి ముందు బండి ఆపి, తాళం తీసుకునేదాకా మొత్తం దారి మనసులో నడిపి చూసుకున్నాడు. చాలాసేపు పట్టింది.

"రాగలను," అన్నాడు.

ఆమె తల ఊపింది. "అయితే శనివారం బయల్దేరదాం."