మేకను గీసినాయన

నా చిన్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ దిగులుపెట్టింది ఒక మేక. నిజం మేక కాదు, బొమ్మల పుస్తకంలో కిరాణా కొట్టు నడిపే మేక. బేరాలు వచ్చేలోపే సరుకంతా తనే నమిలేసి, ఖాళీ డబ్బాల మధ్య పెద్దమనిషిలా కూర్చునేది. మా నాన్నగారు గుమాస్తా ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చి నాంపల్లిలో కాపురం పెట్టిన కొత్త. ఆదివారాలు ఆబిడ్స్‌లో మూసిన కొట్ల ముందు పాత పుస్తకాలు పరిచేవారు. ఎక్కడో విదేశాల్లో అచ్చయి, ఎవరెవరి ఇళ్లలోనో నలిగి వచ్చినవి. నాన్నగారు వాటిలో ఒకటీ అరా తెచ్చేవారు. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మలతోనే కథ తెలిసిపోయేది.

అట్ట నుంచి అట్ట దాకా వెతికినా గీసినవారి పేరు ఉండేది కాదు, కంపెనీ పేరే ఉండేది. వాటిని మిషనే గీస్తుందని మా అన్నయ్య తేల్చేశాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంతలో కొత్తగా తెచ్చిన పుస్తకంలో మేక తేడాగా కనిపించింది. అదే గడ్డం, నడుముకు అదే గుడ్డ, కానీ చూస్తే నవ్వు రాలేదు. గీసేవాడికి ఏమైనా అయిందేమో, అసలు బతికున్నాడో లేడో అని నాకు భయం పట్టుకుంది. ఇంట్లో చెబితే అందరూ పడీపడీ నవ్వారు.

పక్కింటి అక్క నవ్వలేదు. ఆమె ఆబిడ్స్‌లో ఒక కొట్టుకు చీరల మీద పూలు కుట్టి ఇచ్చేది, అవి కొట్టు పేరుతోనే అమ్ముడయ్యేవి. నా పాత పుస్తకాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పరిచి, మేక మొహం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

“మొహం జూడకు. మొహం గిట్లనే ఉండాలె అని షాపోడు చెప్తడు. ఎవ్వరు పట్టించుకోని కాడ జూడు. మేం కుట్టిన బట్ట గూడ తిరగేస్తేనే ఎవరు కుట్టిన్రో ఎర్కైతది.”

చూశాను. పాత పుస్తకంలో ప్రతి జంతువు బూటూ మడమ దగ్గర ఒక పక్కకు అరిగి ఉంది. కొత్తదాంట్లో బూట్లన్నీ కొన్నవి కొన్నట్టే ఉన్నాయి. మిషను కాదు, మనుషులే, అదీ ఇద్దరు!

“పాతది గీసినాయన ఎవరో గని మస్తు నడిచిన మనిషి,” అంది అక్క.

“మరి ఏమయ్యాడక్కా?”

“నాకేం ఎర్క? దేవులాడుదాం పా.”

ఆ ఎండాకాలమంతా ఆదివారం వస్తే చాలు, అక్క చెయ్యి పట్టుకుని ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీదే ఉన్నాను. నేను బూట్లు మాత్రమే చూసి పుస్తకం మూసేస్తుంటే, “ఏంది బిడ్డా, చెప్పుల దుకాణం పెడ్తవా?” అని పుస్తకాలాయన ఆటపట్టించేవాడు. కొత్త మేకలు చాలా దొరికాయి. ఒక్కదాని మడమా అరగలేదు. నేను ఆశ వదిలేసుకున్నాను.

చివరికి మేక లేని పుస్తకం ఒకటి అక్కే తీసింది. అందులో ఒక కప్ప రైలు నడుపుతోంది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ కొంగలూ కుందేళ్లూ, చివరికి ఆ కప్పా, అందరి మడమలూ ఒక పక్కకు అరిగే ఉన్నాయి. గబగబా మొదటి పేజీలో అచ్చయిన సంవత్సరం చూశాను. మేక మారిపోయిన పుస్తకం కంటే అది తర్వాతిది.

“ఉన్నడే!” అని అరిచింది అక్క. “మేకను ఇడ్సిపెట్టి కప్పను పట్టిండు!”

నేను పేవ్‌మెంట్ మీదే ఏడ్చేశాను. సంతోషానికి ఏడుపు రావడం నాకు అదే మొదలు.

ఆయన పేరు నాకు ఈనాటికీ తెలియదు. అడిగే దారి లేకపోయింది. అందుకేనేమో, అందుబాటులో ఉన్నవాళ్లను అడగకుండా ఉండలేను. పెళ్లిలో పప్పుచారు బాగుంటే నేరుగా వంటవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎవరు చేశారు, మీ పేరేమిటి అంటాను. “నీకెందుకమ్మా ఇవన్నీ” అని మా అమ్మాయి కొంగు పట్టుకు లాగుతుంది. పేరు అడగ్గానే ముందు వాళ్లు బెదిరిపోతారు. చేతులు తుడుచుకుంటూ, “ఏమైందమ్మా, ఉప్పెక్కువైందా?” అంటారు. బాగుందని చెప్పడానికే వచ్చానంటే కాసేపు నమ్మరు. నమ్మాక, ఇంటిపేరుతో సహా చెబుతారు.