అరంగుళం ట్యాపు

మా ఆయన పోయిన ఏడాదికి, ఆయన పనిచేసిన మెషిన్ షాపులోనే నాకు పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే టూల్ రూములో పని దొరికింది. దేశం కాని దేశంలో, ఇర్వింగ్‌లో, ఎనభై ఒకటో, రెండో. ఇప్పించింది విశాఖపట్నంలో ఆయనతో కలిసి పనిచేసి, కలిసే ఇక్కడికి వచ్చిన మనిషి. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. "ఇంగ్లీషు రాకపోయినా చేతికి తెలుసు. పూచీ నాది" అని ఫోర్‌మన్‌కి చెప్పాడట.

నాకు అంకెలు వచ్చు, అంతే. ట్యాపంటే ఇనుములో తొలిచిన రంధ్రానికి మరలు కోసే పనిముట్టు. దాని మీది రాత అరిగిపోతే, కొలత తెలిసినదాన్ని దాని పక్కన ఆనించి దీపానికి పట్టేదాన్ని. పళ్ళలో పళ్ళు కూర్చుని వెలుతురు రాకపోతే రెండూ ఒకటే కొలత. మా ఆయన నేర్పిందే.

ఆయన విశాఖ నుంచి తెచ్చుకున్న ట్యాపులు ఏడు, ఇంట్లో తుప్పు పడుతుండేవి. పనిముట్టు ఊరికే పడి ఉంటే నాకు మనసొప్పదు. షాపుకి తెచ్చి, పావంగుళానిదీ దాని పై సైజుదీ అక్కడివాటికి ఆనించి చూశాను. చక్కగా కూర్చున్నాయి. మిగతావీ అంతేలే అనుకుని అన్నీ డ్రాయర్లలో వేసేశాను. ఎవరికీ చెప్పలేదు.

మూడోనాడు, శుక్రవారం, అన్నయ్య టూల్ రూము కిటికీ దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, అరంగుళానిది ఇలా ఇవ్వు. తొందరగా."

"పెళ్ళి ముహూర్తమా ఏంటి?"

"అంతకన్నా ఎక్కువే. పంపు బాడీ, ఇంకోటి లేదు. ఆఖరి రంధ్రం. నాలుగింటికి ట్రక్కు వస్తుంది."

ఇచ్చాను. తర్వాత కిరసనాయిలు ట్రేలో నానుతున్న పనిముట్లు తుడుస్తుంటే అరంగుళం ట్యాపు చేతికి వచ్చింది. షాపుకి ఉన్నది అదొక్కటే. మరి నేనిచ్చింది?

మా ఆయనది. ఆ సైజు నేను ఆనించి చూడలేదు.

ఆ బాడీ పాడైతే నా పని పోతుంది, పూచీ పడ్డ పాపానికి అన్నయ్యదీ పోతుంది. ట్యాపు పట్టుకుని పరిగెత్తాను. మెషిన్ల హోరులో నా కేక ఎవరికి వినిపిస్తుంది? వెళ్ళి అన్నయ్య చెయ్యి పట్టేసుకున్నాను.

"వదులమ్మా, విరుగుతుంది!"

"తిప్పకు! అది మాది!"

"మీదేంటి?"

"మా ఆయనది. వైజాగ్‌ది."

అన్నయ్య మెల్లగా వెనక్కి తిప్పి బయటికి తీశాడు. రెండు చుట్లు దిగింది. రెండు ట్యాపులూ ఆనించి దీపానికి పట్టాను. మొదటి పళ్ళు కూర్చున్నాయి, పోనుపోను ఎడమై సందుల్లోంచి వెలుతురు వచ్చింది. అంగుళంలో ఇక్కడివాళ్ళకి పదమూడు పళ్ళు, మాదానికి పన్నెండు.

ఫోర్‌మన్ వస్తున్నాడు.

"నేనే తెచ్చానని చెబుతా. నువ్వు నోరెత్తకు" అన్నాడు అన్నయ్య.

"నాకు ఇంగ్లీషు రాదని నా తప్పు నువ్వు మోస్తావా?" అని, గుండె మీద చెయ్యి వేసుకుని ఫోర్‌మన్‌తో అన్నాను: "మై మిస్టేక్. హజ్బెండ్ ట్యాప్."

ఫోర్‌మన్ నా చేతిలోని షాపు ట్యాపు తీసుకుని తనే వంగి, ఇంత తిప్పి, అంత వెనక్కి తీసి కోశాడు. బోల్టు పెట్టి తిప్పాడు. దిగింది, గట్టిగా పట్టింది. మా ట్యాపు వల్ల పైపై గీతలు మాత్రమే పడ్డాయట.

అప్పుడు అన్నయ్యతో ఏదో చెప్పాడు.

"డ్రాయర్లన్నీ ఖాళీ చేసి ఒక్కోటీ చూడమంటున్నాడు. కలిసినవి కూడా పనికిరావట, వాటి పళ్ళ వాలు వేరట."

"నా పని ఉందో పోయిందో అడుగు."

"అడిగాను. సోమవారం చూద్దామన్నాడు."

ఏడూ ఏరి, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. శని, ఆదివారాలు అన్నం సయించలేదు. పని తీసేస్తే అక్కడ మనిషితో చెప్పరు, వచ్చిన టైము కార్డు మీద గుద్దే గడియారం పక్కన అరలోంచి మన కార్డు తీసేస్తారు. సోమవారం పొద్దున్నే వెళ్ళి నా నంబరు వెతుక్కున్నాను. కార్డు ఉంది. దాన్ని తియ్యకుండా అన్నయ్య నంబరు చూశాను. అదీ ఉంది. అప్పుడు నాది తీసి గడియారంలో పెట్టాను.