పడుగు అతకడానికొచ్చిన అక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని కాపలా. ఆరబెట్టిన వడియాలకు కాదు, ఒక మనిషికి. ఆ మనిషి మా పక్కింటి అక్క. ఆమె మా ఇంట్లో ఉన్నంతసేపూ నేను పక్కనే కూర్చోవాలి, ఏం చేస్తున్నదో, ఏం మాట్లాడుతున్నదో చూసి మా అవ్వకు చెప్పాలి. అవ్వ అంటే మా నాయనమ్మ. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువని ఇంట్లో పేరు, అందుకే ఆ పని నాకు బాగా నచ్చింది.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నేను అయిదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం అది. మా వీధిలో ఇంకా ఎవరి చేతిలోనూ సెల్‌ఫోన్ కనిపించేది కాదు. అమ్మ కడుపులో గడ్డ ఉందని తేలితే ఆపరేషన్ కోసం నాన్న ఆమెను కర్నూలు దవాఖానకు తీసుకుపోయాడు. సరిగ్గా అప్పుడే మగ్గం మీద పడుగు, అంటే చీరకు నిలువు పోగులు, అయిపోయింది. మాకు నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు కొత్త పడుగు ఇచ్చిపోతూ, నాన్న తిరిగొచ్చిన రోజే నేత మొదలుకావాలని, లేకపోతే పెళ్లిళ్ల కాలం కనుక దాన్ని ఇంకో మగ్గానికి మార్చేస్తానని చెప్పాడు. మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క మగ్గమే.

పడుగు అతకడం తెలియని వాళ్లకు చెప్పాలంటే, పాత పడుగు కొసన మిగిలిన ప్రతి పోగుకూ కొత్త పోగును కలిపి, వేళ్ల మధ్య మెలిపెట్టాలి. జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుంటారు. వేల పోగులు, ఒక్కటీ తప్పకూడదు. మా ఇంట్లో ఆ పని అమ్మది. అవ్వకు చూపు ఆనదు. వీధిలో మిగతా ఆడవాళ్లకు ఎవరి మగ్గం వాళ్లకే సరిపోయింది. అలాంటప్పుడు పక్కింటి అక్క, పిలవకుండానే, గడప దగ్గర నిలబడి తాను అతికి పెడతానన్నది.

అక్క కూడా నేతింటి పిల్లే. మూణ్ణాలుగేళ్ల కింద చర్చికి పోవడం మొదలుపెట్టి బొట్టు తీసేసింది. ఆ కొత్తలో కనిపించిన ప్రతివాళ్లకూ తన దేవుడి గురించి చెప్పబోయేది. మా అవ్వకూ చెప్పబోయి, బియ్యం చెరుగుతున్న అవ్వ చేట కింద పెట్టి లేచేసరికి వెనక్కి పోయింది. అప్పటినుంచి వీధిలో ఎవరూ ఆమెను పేరంటానికి పిలవలేదు. అలాంటి మనిషి పిలవకుండా రావడం అవ్వకు మింగుడు పడలేదు. అయినా గతి లేదు. “నా ఇంట్ల ఉన్నంతసేపు నీ దేవుని పేరు ఎత్తొద్దు” అని షరతు పెట్టింది. అక్క సరేనన్నది.

మొదటిరోజే పేచీ వచ్చింది. అతుకు మొదలుపెట్టే ముందు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం మా ఆనవాయితీ. అక్క చెప్పులు బయట విడిచి, అవ్వ పూజ అయ్యేదాకా పక్కన నిలబడ్డది. కొబ్బరి ముక్క ఇస్తే మాత్రం, తప్పుగా అనుకోవద్దని, తాను తీసుకోనని చెప్పింది. అదే మధ్యాహ్నం మా రొట్టె, మా మామిడికాయ తొక్కు అడిగి మరీ వేయించుకుని తిన్నది. అవ్వ నా వైపు చూసిన చూపులో, కనిపెట్టుకుని ఉండమన్న మాట ఉంది.

నేను కనిపెట్టుకునే ఉన్నాను. ఆమె నీళ్లకు లేచినప్పుడు చేతిసంచి కూడా వెతికాను. దువ్వెన, చేతిరుమాలు తప్ప ఏమీ దొరకలేదు. రెండోరోజు అవ్వ కిరాణా కొట్టుకు పోయింది. నాన్న ఫోన్ చేస్తే ఆ కొట్టుకే వచ్చేది. ఇదే అదను అనుకుని, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, మీ దేవుడు ఎట్లుంటాడో చెప్పమని అడిగాను. నోరు జారుతుందని నా ఆశ.

అక్క చేతిలోని పోగు మెలి పూర్తిచేసి, అప్పుడు నన్ను చూసింది. “మీ అవ్వ ముంగట అడుగు బిడ్డా, చెప్త. ఆమె లేనప్పుడు చెప్ప” అన్నది.

నాకు చిన్నతనంగా అనిపించింది. దొంగను పట్టబోయి నేనే దొరికిపోయాను. ఆ ఉడుకుమోతుతనంతోనే ఆమెను ఇంకా గుచ్చి గుచ్చి చూశాను. ఉదయం నుంచీ పోగులు లెక్కపెడుతూ పెదవులు కదిపేది. మధ్యాహ్నానికి లెక్క ఆపేసింది, పెదవులు మాత్రం ఆగలేదు. అవ్వ తిరిగి రాగానే, అక్క మన మగ్గం మీద ప్రార్థన చేస్తున్నదని చెప్పేశాను. నేను అడిగిన మాట, ఆమె చెప్పిన జవాబు మాత్రం చెప్పలేదు.

అవ్వ నేరుగా పోయి అడిగింది. లెక్కపెడుతున్నాను అంటే సరిపోయేది, సగం నిజం కూడాను. అక్క అట్లా అనలేదు. “పొద్దుగాల లెక్కపెట్టిన అవ్వా. ఇప్పుడు మీ కోడలి కోసం ప్రార్థన చేస్తున్న. పేరు ఎత్తొద్దన్నవ్, ఎత్తలే. అడిగినవ్ గదా, అబద్ధం చెప్పలేను” అన్నది. అవ్వ గుమ్మం చూపించింది. అక్క చేతులకున్న బూడిద కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. పడుగు సగమే అతికి ఉంది.

మరునాడు పొద్దున్నే అవ్వ మగ్గం ముందు కూర్చుంది. పది పోగులు కలిపితే నాలుగు ఊడిపోయాయి. ఎదురింటి పెద్దమ్మను పిలిస్తే, వచ్చి చూసి, తన వల్ల కాదని దండం పెట్టింది. ఒకరి చేత్తో మొదలైన అతుకులో ఇంకొకరు చెయ్యి పెట్టరు. మెలి బిగువు మనిషికొక తీరుగా ఉంటుంది, కొత్త చేతి మెలులు, పోగులను ఎత్తి దించే అల్లులోంచి లాగేటప్పుడు తెగుతాయి. ఇంతలో కొట్టు నుంచి కబురు వచ్చింది. ఆపరేషన్ అయింది, అమ్మకు జ్వరం తగ్గలేదు, కానీ నాలుగు రోజుల్లో వస్తామని నాన్న చెప్పాడట. అవ్వ ఆ సగం పడుగు ముందు కూర్చుని ఏడ్చింది. అవ్వ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు భయం వేసింది. ముందురోజు దాచుకున్నదంతా, సంచి వెతికిన సంగతితో సహా, చెప్పేశాను.

అవ్వ నన్ను తిట్టలేదు. లేచి, కొంగు సర్దుకుని, నన్ను వెంటబెట్టుకుని, మూణ్ణాలుగేళ్లుగా తొక్కని గడప ముందు నిలబడ్డది. అక్క బయటికి వచ్చింది. అవ్వ లోపలికి పోలేదు. అక్కడే, ఇంకా అనుమానం పోని గొంతుతోనే, “మా కోడలికి మంచిగ కావాలని అడిగినవ్, సరే. మమ్మల్ని గూడ మీల కలపాలని అడగలేదా?” అన్నది.

నేను అక్క పెదవులనే చూస్తున్నాను. లేదని చెప్పు, లేదని చెప్పు అని మనసులో బతిమాలుకున్నాను.

“అడిగిన అవ్వా” అన్నది. “నాకు మంచిగనిపించింది మీకు గూడ దొరకాలని ఉంటది. ఇయ్యాల గూడ ఉంది. గని పడుగు అతికింది అందుకు కాదు. మీరు ఎన్నడూ రాకున్నా అతుకుత.”

అంటే మా అనుమానం సగం నిజమే. ఇక అయిపోయింది అనుకున్నాను. అవ్వ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. “లేదు అంటే నేను వెనక్కి పోయేదాన్ని” అన్నది. “నడువు. బూడిద కలిపి పెట్టిన.”

నాన్న వచ్చిన రోజుకు పడుగు సిద్ధంగా ఉంది. అమ్మ ఆటో దిగి, గోడ పట్టుకుని, తన కాళ్ల మీద ఇంట్లోకి వచ్చింది. అవ్వ తన మొక్కు ఫలించిందన్నది, నాన్న డాక్టరుకు దండం పెట్టాడు. అక్క పెదవులు కదిలాయి. ఈసారి అవ్వ చూసి కూడా చూడనట్టు ముఖం తిప్పుకుంది. మేము ఆమె చర్చికి ఎన్నడూ పోలేదు. ఆమె మా కొబ్బరి ముక్క ఎన్నడూ తీసుకోలేదు. కానీ అమ్మ కోలుకునేదాకా ఆ మగ్గం మీద ప్రతి పడుగూ ఆమె చేతే అతికింది.

ఇప్పుడు నా దగ్గరకు వీధి పిల్లలు నేత నేర్చుకోవడానికి వస్తారు. నా అనుమానం బుద్ధి ఏమీ తగ్గలేదు, మంచి మాటలు చెప్పేవాళ్లను ఇప్పటికీ సంచి వెతికే కళ్లతోనే చూస్తాను. నాకూ గట్టి నమ్మకాలు కొన్ని ఉన్నాయి. ఆ పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు వాటిని వాళ్ల చెవిన వేయాలని నోటిదాకా వస్తుంది. అప్పుడల్లా చేతిలోని పోగు మెలి పూర్తిచేసి, ఈ మాట వీళ్ల అవ్వ ముందు చెప్పగలనా అని నన్ను నేను అడుగుతాను. చెప్పలేనిదైతే మింగేసి, వేళ్లకు బూడిద అద్దుకుని ఇంకో పోగు అందుకుంటాను.