గొంగడివాడికి హాల్‌టికెట్ లేదు

అశోక్ నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటంతా భాగ్యశ్రీదే. భర్త నాగేందర్‌తో కలిసి మహబూబ్‌నగర్ వైపు నుంచి పట్నం వచ్చింది. అతను మేస్త్రి పని చేస్తాడు. రాంనగర్‌లో ఒక గది కిరాయికి తీసుకొని ఉంటున్నారు. భాగ్యశ్రీ పచ్చిపులుసు చేసిన రోజు పక్క హాస్టల్ పిల్లలు కూడా గిన్నెలు పట్టుకొని వస్తారు. ఆమె ఉన్నచోట మాటలకు కరువుండదు.

కొన్నేళ్ల కిందట ఆమెకు సైకోసిస్ అనే మానసిక జబ్బు వచ్చింది. ఎవరూ లేనిచోట ఒక మగగొంతు వినిపించేది. నల్లా నీళ్లలో ఏదో కలిపారని, బస్తీ అంతా తన గురించే మాట్లాడుకుంటోందని నమ్మింది. నాగేందర్ ముందు తాయెత్తు కట్టించాడు. దానితో కాకపోయేసరికి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మందులు పనిచేశాయి. అనుమానాలు పోయాయి. గొంతు మాత్రం పూర్తిగా పోలేదు, పక్కింటి టీవీలాగా సన్నగా మిగిలింది. భాగ్యశ్రీ మళ్లీ గరిటె పట్టింది.

కానీ కల వదల్లేదు. తడిసిన గొంగడి కప్పుకొని ఒక మనిషి మెట్లెక్కి వస్తాడు. మొహం కనపడదు. వచ్చి గుండెల మీద కూర్చుంటాడు. పగలు ఆమెకు వినిపించే గొంతు వాడిదే. మెలకువ వచ్చాక కూడా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉండేది. కల అయిపోయిందో లేదో తెలిసేది కాదు. దాంతో పడుకోవాలంటేనే భయం పట్టుకుంది. చాయ్ మీద చాయ్ తాగుతూ గోడకు ఆనుకొని కూర్చునేది. నిద్ర తగ్గితే గొంతు పెరిగేది, గొంతు పెరిగితే నిద్రంటే ఇంకా భయం. ఆసుపత్రిలో గొంతు గురించి అడిగేవాళ్లు, మందుల గురించి అడిగేవాళ్లు. కలల సంగతి ఎవరూ అడగలేదు. తనంతట తానే చెబితే మందు పెంచుతారేమోనని ఆమె నోరు విప్పలేదు.

ఒక మధ్యాహ్నం సాంబారులో ఉప్పుకు బదులు చక్కెర పడింది. సిరిసిల్ల నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతున్న నవనీత పళ్లెం పట్టుకొని వంటగదిలోకి వచ్చింది.

"అక్కా, ఇది సాంబారా, పాయసమా? అరే, నీ కండ్లేంది గిట్ల గుంతలు పడ్డయి?"

"నిద్ర పోతలేను బిడ్డా."

"ఎందుకు?"

"పోతే వాడొస్తడు."

ఇక ఆగలేదు. ఉల్లిగడ్డలు కోస్తూ మొత్తం చెప్పేసింది. నవనీత నవ్వలేదు, భయపడనూ లేదు. "ఈ ముచ్చట డాక్టర్ తాన చెప్పినవా? లేదా? అయితే ఈసారి నేనొస్త నీతోని," అంది.

అన్నట్టే చదువు పక్కన పెట్టి వెంట వెళ్లింది. ఆసుపత్రిలో సుహాసిని గారనే సైకాలజిస్టు అంతా విన్నారు.

"చాలామందికి ఉంటదమ్మా ఇది. బయటికి చెప్పరు, అంతే. మందులు మానొద్దు. సాయంత్రం తర్వాత చాయ్ బంద్. ఇంకొకటి, ఆ కలను మనం మార్చుకోవచ్చు."

"కలనెట్ల మారుస్తరు మేడం? అదేమన్న కూరనా?"

"కూర లెక్కనే అనుకోండి. పగటి పూట, మంచిగ మెలకువతో ఉన్నప్పుడు, ఆ కల మీకు నచ్చినట్టు అయిపోయిందని అనుకోండి. రోజూ కాసేపు కళ్లు మూసుకొని అట్లనే చూడండి. భయమైతే ఆపేయండి. ఇక్కడికొచ్చినప్పుడు కలిసి చేద్దాం."

మొదట భాగ్యశ్రీ కళ్లు మూసుకొని ఆ కలలోకి నాగేందర్‌ను పిలిచింది. చేతిలో తాపీతో వచ్చిన భర్తను చూసి గొంగడివాడు కదల్లేదు సరికదా, ఇంకాస్త బరువెక్కాడు. హాస్టల్లో చిక్కుడుకాయలు తుంచుతూ ఈ సంగతి చెబితే పిల్లలు తలో సలహా ఇచ్చారు. ఒకరు పోలీసులను పిలవమన్నారు, ఇంకొకరు మెట్ల మీద నూనె పోయమన్నారు.

"హాల్‌టికెట్ అడుగక్కా," అంది నవనీత. "అది లేకుంటే మమ్ములనే గేట్ల అడుగు పెట్టనియ్యరు. వాడెంత!"

భాగ్యశ్రీ కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, "ఆగుండ్రి, ఇగ మిగిలింది నేను చూస్కుంట," అంది. ఆమె చేసిన మార్పు ఇది: గొంగడివాడు మెట్లెక్కి వస్తాడు. హాల్‌టికెట్ అడుగుతుంది భాగ్యశ్రీ. వాడు గొంగడంతా దులుపుకుంటాడు, దొరకదు. "తడిసి వచ్చినవ్, పొయ్యి కాడ కూసో. ఉత్తగ కూసోకు, ఉల్లిగడ్డలు పొట్టు తియ్యి," అంటుంది. వాడు ముక్కు చీదుకుంటూ పొట్టు తీస్తాడు.

సుహాసిని గారు విని గట్టిగా నవ్వారు. ఇదే చూడమన్నారు.

రోజూ వడ్డన అయ్యాక వంటగది గడప మీద కూర్చొని కళ్లు మూసుకొని చూసేది. ఒక్కోసారి సగంలోనే చెమటలు పట్టి లేచిపోయేది. ఒకసారైతే రాత్రి కల పాత పద్ధతిలోనే వచ్చేసరికి పొద్దున్నే, "ఇయన్ని ఉత్త మాటలు," అని ఏడ్చింది.

నాగేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గోడ కట్టంగనే గట్టి పడ్తదా? నీళ్లు కొట్టాలె, ఆగాలె," అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలు భోజనాల హాల్లో గట్టిగా చదువుకుంటున్నారు. రాజ్యాంగ అధికరణలు వింటూ వింటూ భాగ్యశ్రీ బియ్యం బస్తాకు ఆనుకొని నిద్రపోయింది. చాయ్ వేళయింది. ఎవరూ లేపలేదు. రాత్రి భోజనానికి పిల్లలే వంట మొదలుపెట్టి, ఎసట్లో ఎన్ని నీళ్లు పోయాలో గుసగుసలతో కొట్లాడుకున్నారు. మాడు వాసనకు భాగ్యశ్రీ కళ్లు తెరిచింది. కిటికీలో ఇంకా ఎండ ఉంది.

"వచ్చిండా అక్కా?" అని అడిగింది నవనీత.

"వచ్చిండు. గొంగడంత దేవులాడిండు, హాల్‌టికెట్ లేదు. మొహం కూడ కనపడ్డది. ముసలోడే పాపం," అని, లేచి పొయ్యి వైపు చూసి, "ఎవరే అన్నం మాడగొట్టింది?" అని అరిచింది.

ఆ రోజు అందరూ మాడిన అన్నమే, ఆవకాయ వేసుకొని తిన్నారు.

జబ్బు పూర్తిగా పోయిందని ఆమె అనదు. మందులు వేసుకుంటుంది, సుహాసిని గారి దగ్గరకు వెళ్తుంది. ఒక్కో వారం గొంతు మళ్లీ రేగుతుంది. కల కూడా అప్పుడప్పుడు మొండికేస్తుంది. కానీ ఇప్పుడు రాత్రి కాగానే పడుకోవడానికి చాప తానే పరుచుకుంటుంది.

ఈమధ్య ఆ చాప కూడా తీసేయాలనుకుంది. నాగేందర్‌ను వెంటబెట్టుకొని నారాయణగూడలో ఒక పరుపుల దుకాణానికి వెళ్లింది. చెప్పులు విడిచి, దుకాణదారు చూస్తుండగానే ఒక పరుపు మీద వెల్లకిలా పడుకొని కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ లేవకపోతే దుకాణదారు కంగారుగా నాగేందర్ వైపు చూశాడు.

"జర ఆగన్నా, పరుపును చూస్తున్నది," అన్నాడు నాగేందర్.

భాగ్యశ్రీ కళ్లు తెరవకుండానే, "గట్టిగున్నది. ఇంకోటి చూపియ్యి," అంది.