ఫౌస్తో రంగు

ఎనెరీద చేతిలో పడితే ఎంత మొండి జుట్టయినా దారికి రావలసిందే. యోకాస్త నడిపే సెలూన్‌లో ఏళ్ల తరబడి ఆమె చేసిన పని అదొక్కటే. ఉంగరాలు తిరిగిన జుట్టును తడిపి, పెద్ద పెద్ద రోలర్లకు చుట్టి, వేడిగాలి పట్టి, నిగనిగలాడేలా సాపు చేసి పంపడం. శనివారం వచ్చిందంటే, కరీబియన్ దీవి నుంచి అమెరికాలోని ఆ మిల్లుల ఊరికి వలసొచ్చిన దొమినికన్ ఆడవాళ్లంతా అక్కడే. తిన్నగా జారితే మంచి జుట్టు, చుట్టుకుంటే చెడ్డ జుట్టు. జుట్టులో మంచీ చెడూ ఏమిటని అక్కడ ఎవరూ అడగరు. ఎనెరీద కూడా అడగలేదు.

ఆమెకు తనవాడంటూ మిగిలింది తమ్ముడు ఫౌస్తో ఒక్కడే. ఒకే అమ్మ, ఒకే నాన్న. అయినా అక్కది గోధుమ రంగు, తమ్ముడిది మాడిన కాఫీ గింజ రంగు. "వీణ్ని పొయ్యి మీద పెట్టి మర్చిపోయానే" అని తల్లి నవ్వేది. అక్క వాణ్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ముద్దొస్తే నల్లోడా, కోపమొస్తే నల్లోడా, అన్నానికి పిలవాలన్నా నల్లోడా. వాళ్లలో అది ప్రేమగా పిలుచుకునే మాట. అదే మాట బయటివాళ్లు అంటే మాత్రం తల్లి చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చేది. "నల్లవాళ్లంటే సరిహద్దు అవతల హైతీ వాళ్లు! మేం ఇందియోలం!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేది.

ఈ ఇందియోకీ మన ఇండియాకీ ఏ సంబంధమూ లేదు. వాళ్ల దేశంలో గుర్తింపు కార్డు మీద రంగు అని ఒక గడి ఉండేది. తెల్లగా లేనివాళ్లకీ, నల్లవాళ్లమని ఒప్పుకోనివాళ్లకీ గుమాస్తా ఆ గడిలో ఇందియో అని రాసి ముద్ర కొట్టేవాడు. ఫౌస్తో కార్డు మీదా అదే ఉంది. సర్కారు రాసిచ్చిన ఆ అబద్ధాన్ని దేశం దేశమంతా జేబులో పెట్టుకు తిరిగింది. అబద్ధమని తెలియకుండా తిరిగారే, అదీ నా బాధ.

తల్లి పోయేముందు ఎనెరీద చెయ్యి పట్టుకుని ఒక్కటే కోరింది. "ఎప్పటికైనా వాణ్ని నా పక్కనే పడుకోబెట్టు. పరాయి మట్టిలో వదిలెయ్యకు." అమ్మ సంగతి తెలుసుగా, తనకన్నా ముందు కొడుకు ఊసే ఎత్తుతుంది. ఎనెరీద మాటిచ్చింది.

ఒక చలికాలం ఫౌస్తో పని వెతుక్కుంటూ పక్క రాష్ట్రానికి బస్సెక్కాడు. "ఈస్టరు ముందు లెంటు ఉపవాసాలకి వచ్చేస్తానక్కా. రాజ్మా పాయసం ఎక్కువ చెయ్యి, కిందటేడు గిన్నె నాకించావు" అన్నాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. ఒక ఆదివారం ఫోన్ రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. వాడి నంబరు మోగడం కూడా మానేసింది. ఎనెరీద యోకాస్తను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది, ఇంగ్లీషులో యోకాస్త కాస్త గట్టిదని.

బల్ల వెనక డోలన్ అనే పెద్దాయన. చెడ్డవాడు కాడు. పేరు, వయసు, ఎత్తు అన్నీ ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంటుందని చెబితే అదీ రాసుకున్నాడు. చిన్నప్పుడు ఫౌస్తో చెరకు కొడుతూ తెగ్గొట్టుకున్న వేలు అది.

"స్పానిష్ మాట్లాడేవాళ్లు గనక హిస్పానిక్ అని పెట్టాను. మరి జాతి?"

"అదేగా ఇప్పుడు పెట్టావు!" అంది యోకాస్త.

"అది వేరమ్మా, ఇది వేరు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఇందియో అని చెప్పవే. వాడి కార్డులో ఉన్నదదే" అంది ఎనెరీద.

"ఇండియన్" అంది యోకాస్త.

డోలన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "అమెరికన్ ఇండియన్ అని ఉంది. అదేనా?"

"మా దీవి అమెరికాలో లేక ఆకాశంలో ఉందా? వేసెయ్ నాయనా, వేసెయ్."

ఆయన గడిలో టిక్కు పెట్టాడు. పని అయిందని ఎనెరీద ఆయనకు చేతులెత్తి దండం పెట్టినంత పని చేసింది.

లెంటు వచ్చింది. ఎనెరీద పెద్ద గిన్నెడు పాయసం చేసి, మూడొంతులు ఇరుగుపొరుగుకు పంచింది. ఆ వారంలోనే డోలన్ సెలూన్‌కు ఫోన్ చేశాడు. యోకాస్త లేదు. డ్రయ్యర్లు హోరుమంటున్నాయి. ఎనెరీద ఒక చెవి మూసుకుని, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో విన్నది.

"పక్క రాష్ట్రం శవాగారంలో ఎవరూ రాని మనిషి ఒకడున్నాడమ్మా. మీ కాగితంతో కలవలేదు గానీ, వయసు దగ్గరగా ఉందని చేశాను. నల్లజాతి మగమనిషి..."

అక్కడికే ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "కాదు సార్! మావాడు నల్లవాడు కాదు!"

"పోనీ మిగతావి కూడా చదవనా?"

"వద్దు సార్. మావాడు కాదు. దేవుడు చల్లగా చూశాడు."

సాయంత్రం ఇంటికి వెళ్తూ చర్చిలో ఆగి, మేరీమాత ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించింది. ఒకటి తమ్ముడు క్షేమంగా తిరిగిరావాలని. రెండోది ఆ దిక్కులేని నల్లమనిషికి. ఏ తల్లి కన్నబిడ్డో, ఎవరెదురు చూస్తున్నారో అని కాసేపు అతని కోసం ఏడ్చింది కూడా. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

ఆ తర్వాత మరో లెంటు గడిచిపోయింది. డోలన్ రిటైరై, ఆ కుర్చీలోకి మార్టా అనే అమ్మాయి వచ్చింది. స్పానిష్ మాట్లాడుతుంది. పాత కాగితాలు తిరగేస్తూ ఆ పిల్ల జాతి గడిని పక్కన పెట్టి, సగం వేలు అన్న గుర్తు పట్టుకుని వెతికింది. ఎనెరీదను పిలిపించి ఒక ఫొటో ముందు పెట్టింది.

ఎనెరీద దాన్ని దగ్గరికి లాక్కుంది. ఫొటోలో కళ్లు మూసుకున్న మొహాన్ని బొటనవేలితో నిమిరింది. నుదుటి మీద జుట్టు పక్కకు తొయ్యబోయినట్టు నిమిరింది.

"చలికి పోయారమ్మా. బస్టాండు వెనక దొరికారు. జేబులో ఏమీ లేవు."

"డోలన్ సారు ఫోన్ చేసిన నాటికి?"

మార్టా తల దించుకుంది. "అప్పటికి ఇంకా శవాగారంలోనే ఉన్నారు. మరో నెల ఉంచి, ఎవరూ రాలేదని అనాథల స్థలంలో పూడ్చేశారు. ఒకరి మీద ఒకర్ని పెడతారమ్మా అక్కడ. ఇక తవ్వనివ్వరు."

యోకాస్త ఏడుపు లంకించుకుంది. ఎనెరీదకు ఏడుపు కూడా రాలేదు. దీవిలో అమ్మ సమాధి పక్కన ఖాళీగా ఉంచిన జాగా ఒక్కటే కళ్లముందు తిరిగింది.

"మరణపత్రంలో వారి పేరెక్కించాలి" అంది మార్టా మెల్లగా. "వాళ్లు నల్లజాతి అని రాశారు, మీరేమో ఇంకొకటి రాయించారు. ఏది ఉంచమంటారు?"

"మార్చమనవే!" యోకాస్త ముక్కు చీదుతూనే లేచింది. "చచ్చాక కూడా ఆ మాటేనా వాడికి? ఇందియో అని రాయమను!"

"నువ్వు నోర్ముయ్యవే." తన యజమానురాలిని ఎనెరీద ఎన్నడూ అలా అనలేదు. "వాళ్లు వాణ్ని చూసి రాశారు. నేను కార్డు చూసి రాయించాను. ఉన్నదే ఉండనివ్వమ్మా."

ఆ ఆదివారం ఇద్దరూ బస్సెక్కి పక్క రాష్ట్రానికి వెళ్లారు. ఊరి చివర, కంచె వేసిన గడ్డి మైదానం. శిలువలు లేవు, పేర్లు లేవు, నేలలో దిగేసిన నంబరు బిళ్లలు మాత్రం ఉన్నాయి. కాపలాదారు ఒక బిళ్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించి, టోపీ తీసి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

యోకాస్త జపమాల తీసి ప్రార్థన మొదలుపెట్టబోయింది. ఎనెరీద చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తెచ్చిన పాయసం గిన్నె మూత తీసి గడ్డి మీద పెట్టి, పక్కనే చతికిలబడింది. నేల మీద అరచెయ్యి ఆనించి, చిన్నప్పుడు వీధి గుమ్మంలోంచి పిలిచినట్టే పిలిచింది.

"నల్లోడా... నేనేరా, అక్కని."

గాలికి గడ్డి కదిలింది. ఆమె గొంతు అప్పుడు బద్దలైంది.

"ఆ రోజు ఫోన్లో ఆయన చెప్పింది నీ గురించేనని నాకు తెలీలేదురా, నల్లోడా."