గన్నేర్ల పక్కన నడక

డెబ్భైల చివర్లో మాకు పోర్టు క్వార్టర్స్‌లో ఇల్లు దొరికింది. బస్‌స్టాపు నుంచి క్వార్టర్స్ గేటు దాకా రోడ్డు పక్కన గన్నేర్లు మనిషిని మించి ఎదిగి, వెనకున్న ఖనిజం గుట్టలు కనబడకుండా అడ్డం నిలబడేవి. ఏడాది పొడుగునా గులాబీరంగు పూలే. అంత అందమైన రోడ్డు ఊళ్లో ఇంకోటి లేదనేవారు. గోదావరి వైపు నుంచి చుట్టాలొస్తే మావారు పనిగట్టుకుని ఆ దారిన నడిపించి తీసుకొచ్చేవారు.

నేను పూర్ణా మార్కెట్ దగ్గర టైపు నేర్పేదాన్ని. చలికాలంలో బస్సు దిగేసరికి చీకటి పడేది. ఒక సాయంత్రం గన్నేర్ల వెనక ఎండుటాకులు నలిగిన చప్పుడైంది. ఆగాను. చప్పుడూ ఆగింది. నడిస్తే మళ్లీ మొదలైంది. అటు చూస్తే ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. ఇంతలో ఎవరో మగమనిషి సన్నగా దగ్గాడు. సంచీ గుండెలకు అదుముకుని పరిగెత్తాను. చెప్పు తెగి ఊడిపోయినా వంగి తీసుకునే ధైర్యం లేకపోయింది.

ఇల్లు చేరేసరికి మెట్ల మీద లైటు కింద పక్కింటావిడ బియ్యం ఏరుకుంటోంది.

"ఏటమ్మా, అలా ఒగురుత్తన్నావ్?"

చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"నాను ఆ అంచున నడవడం ఎప్పుడో మానేసినాను. లారీలొచ్చినా రోడ్డు మజ్జిలోంచే వత్తన్నాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం అక్కా?"

"ఏటని సెప్పను? పూలమొక్కలు సూసి బయమేత్తందంటే నవ్వరా?"

ఆ రాత్రి జరిగింది చెప్పి, ఆ మొక్కలు కొట్టించమంటే మావారు నమ్మలేదు. "కుక్క అయ్యుంటుంది. ఉన్న కాస్త పచ్చదనం కూడా కొట్టించేస్తారా ఏంటి?" అన్నారు.

"కుక్క దగ్గుతుందా అండీ?"

మర్నాడు పొద్దున్నే ఆయన మొక్కల వెనక్కి వెళ్లారు. తిరిగొచ్చి చూసింది చెప్పారు. అక్కడ కాలిబాట పడి ఉందట. బీడీ ముక్కలున్నాయట. ఒకచోట కొమ్మలు విరిచి, ముఖం పట్టేంత సందు చేశారట. అందులోంచి చూస్తే బస్‌స్టాపు మొత్తం కనబడుతోందట.

ఆయనే నలుగురు మగవాళ్లను వెంటేసుకుని పోర్టు ఆఫీసుకు వెళ్లారు. వారం తిరక్కుండా తోటమాలులు గన్నేర్లను నడుం ఎత్తుకు కొట్టేశారు. రోడ్డు అందమంతా పాడు చేశారని కొందరు తిట్టుకున్నారు. ఎర్రటి గుట్టలు బయటపడ్డాయి. నాకు ఆ గుట్టలే నయమనిపించింది.

ఆ మనిషెవరో మాకు తెలియనే లేదు. తర్వాత ఎన్నో ఏళ్లు, మా స్టాపులో దిగే మగవాళ్లంతా ముందు గేటు దాటి వెళ్లిపోయేదాకా నేను అక్కడే నిలబడేదాన్ని.