నా కొలతలతో ఆడిన అమ్మాయి

పొదిలికి అవతల ఒక ఊరి హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పిల్లలు పీఈటీ సార్ అంటారు. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు బాధ్యత నాది. గుండ్రటి బ్యాట్‌తో, బత్తాయికంటే కాస్త పెద్ద బంతితో ఆడే ఆట అది. నేను చదువుకునే రోజుల్లో ఆడింది కబడ్డీ. సాఫ్ట్‌బాల్ బ్యాట్ మొదటిసారి పట్టుకున్నది బడికి ఆటసామాను వచ్చినప్పుడు, ఎన్ని వచ్చాయో చూడ్డానికి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

మా మైదానానికి పడమటి వైపు కంచె, కంచె అవతల పత్తి చేను. కాయలు పగిలిన రోజుల్లో మా తెల్ల బంతి అందులో పడితే సగం పీరియడ్ వెతుకులాటే. అంత దూరం కొట్టగలిగింది ఒక్కతే. ఊళ్లో పరుపులు కుట్టే సాయిబు గారమ్మాయి, పదో తరగతి. పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని బెత్తాలతో కొట్టి విడదీయడంలో చిన్నప్పటి నుంచి నాన్నకు సాయం. బ్యాట్ పట్టినా అదే పద్ధతి. మోకాళ్లు వంచి, చేతులు కిందికి జార్చి, ఆఖరి క్షణంలో మణికట్టు విదిలించేది. చూడ్డానికి అందంగా ఉండేది కాదు. బంతి మాత్రం చేలో ఉండేది.

ఆ ఏడు జిల్లా జట్టులో చోటు దొరికితే ఒంగోలులో ఆటల కోటా కింద ఇంటర్ సీటు, హాస్టలు వస్తాయని ఆమె ఆశ. వస్తాయని చెప్పింది నేనే.

సరిగ్గా అప్పుడే నాకు విజ్ఞానం పట్టుకుంది. ఫోనులో ఒక వీడియో చూశాను. బొటనవేలంత పరికరాన్ని బ్యాట్ పిడికి తగిలిస్తే, ఎంత వేగంతో తిప్పారు, ఏ కోణంలో తిప్పారు, ఎంతసేపట్లో తిప్పారు అన్నీ ఫోను చెప్పేస్తుంది. చివర వందకి మార్కులు వేస్తుంది. బాగుంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. తెప్పించాను. యాప్ తెరవగానే వయసు, ఎత్తు, బరువు అడిగింది. ఫోను నాది, నంబరు నాది, కాబట్టి వివరాలూ నావే ఇచ్చాను. గ్యాసు బుక్ చేసినా అంతే కదా.

వారం తిరక్కుండానే మా బడిలో అందరూ నన్ను వేరే చూపు చూడసాగారు. స్టాఫ్ రూము గోడ మీద గ్రాఫులు అంటించాను. హెడ్మాస్టరు గారు వచ్చినవాళ్లకల్లా, "మా పీఈటీ గారు డేటా పెట్టి ఆడిస్తున్నారండి" అని చూపించేవారు. లెక్కల టీచరు మాత్రం, "ఏమండీ, ఆ గ్రాఫులో అడ్డగీత దేన్ని కొలుస్తుందండీ?" అని ఒకసారి అడిగాడు. నాకు తెలియదు. "అది అడ్వాన్స్‌డ్ అండి" అన్నాను.

సాయిబు గారమ్మాయికి నలభై ఒకటి వచ్చింది, ఎరుపు. ఇంకో పొడుగాటి అమ్మాయికి ఎనభై ఎనిమిది. ఆ పిల్ల బ్యాట్ బంతికి తగిలేది కాదు గానీ గాలిని మాత్రం శాస్త్రీయంగా కొట్టేది. అందరికీ ఆమెనే చూపించాను. తర్వాత గమనించిందేమిటంటే, బంతి లేకుండా తిప్పితే అందరి మార్కులూ పెరుగుతున్నాయి. అందుకని బంతి తీసేశాను. నెల రోజులు మా అమ్మాయిలు బంతి లేకుండా సాఫ్ట్‌బాల్ ఆడారు. పత్తి చేలోకి ఎవరూ వెళ్లనక్కర్లేకపోయింది. నాకు అది కూడా ప్రగతిలాగే కనిపించింది.

దూది కొట్టే పద్ధతి మానిపించడానికి ఆ పిల్ల మోచేతులు పట్టుకుని పైకి లేపి నిలబెట్టేవాణ్ణి. నలభై ఒకటి కాస్తా డెబ్భై తొమ్మిది అయింది. ఆకుపచ్చ చూసి నేను ఈల వేశాను. ఆమె చేతులు రుద్దుకుంది.

సెలక్షన్లకి రెండు రోజుల ముందు, జట్టుని ఎంపిక చేసే పెద్దలకి చూపించడానికి ఆమె రిపోర్టు ప్రింటు తీయించాను. పైన ఇలా ఉంది: పురుషుడు, వయసు నలభై ఏడు, ఎత్తు ఐదడుగుల పది, బరువు ఎనభై ఆరు కిలోలు.

షాపు ముందు ఎండలో నిలబడి చాలాసేపు దాన్నే చూశాను. యాప్ తప్పేమీ లేదు. నాలాంటి పొట్టగల మనిషి బ్యాట్ ఎలా తిప్పాలో నిజాయితీగా చెబుతూ వచ్చింది. నేను దాన్ని పధ్నాలుగు మంది ఆడపిల్లలకి నేర్పాను. అప్పటికైనా ఆ పిల్లను పిలిచి, "పాతపద్ధతిలోనే కొట్టమ్మా" అంటే సరిపోయేది. స్టాఫ్ రూము గోడ గుర్తొచ్చింది. ప్రింటు షాపులోనే కత్తెర అడిగి, కాగితం పైభాగం కత్తిరించి, మిగతాది ఫైల్లో పెట్టాను.

సెలక్షన్లు సింగరాయకొండలో. ఆమె వంతు వచ్చింది. బ్యాట్ పట్టుకుని వెళ్తూ వెనక్కి వచ్చింది.

"సార్, నాలాగా కొట్టనాండి? మీరు చెప్పినట్టు కొట్టనాండి?"

నా పక్కన ఇద్దరు పెద్దలు నా ఫైలు తిరగేస్తున్నారు. "బాగా తయారుచేశారండీ" అని ఒకాయన అప్పుడే అన్నాడు.

"చెప్పినట్టే కొట్టమ్మా," అన్నాను.

మూడు బంతులు. మూడుసార్లూ మోచేతులు పైకి లేచాయి, నడుము చక్కగా తిరిగింది, బంతి కిందనుంచి వెళ్లిపోయింది. అదే పెద్దమనిషి, "స్టైలు బ్రహ్మాండం" అని పేరు కొట్టేశాడు.

పది రోజులు ఆ వీధిలోకి వెళ్లలేదు. తర్వాత వెళ్లాను. సాయిబు గారు పరుపు కుడుతున్నాడు, పిల్ల దూది కొడుతోంది. కూర్చుని మొత్తం చెప్పాను, కత్తెరతో సహా.

సాయిబు గారు సూది ఆపాడు. "అయితే మా పిల్ల ఇన్నాళ్లూ మీలాగా ఆడిందన్నమాట. ఇంతకీ మీరెప్పుడైనా ఆడారా సార్?"

"లేదండి. కబడ్డీ."

ఆయన నవ్వలేదు. కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"నేను మొదటి వారమే చూశానండి," అంది పిల్ల. "ఫోను నా చేతికిచ్చి పట్టుకోమన్నారుగా. ఐదడుగుల పది అని ఉంది. నాకు నాలుగడుగుల పదకొండు."

"మరి చెప్పలేదేమ్మా?"

"మీకు తెలీకుండా పెడతారా అనుకున్నానండి."

కాళ్ల దగ్గర పడ్డ దూది ఏరి కుప్పలో వేశాను. ఆమే మళ్లీ అంది, "ఇంటర్‌లో కూడా సెలక్షన్లు ఉంటాయంటగా. ఊళ్లో కాలేజీలోనే చేరతాను. సాయంత్రాలు బంతులు వేస్తారా?"

"వేస్తానమ్మా."

"బంతులు మాత్రమే వెయ్యండి సార్. ఏం చెప్పొద్దు."

ఇప్పుడు ఆమె ఊళ్లో కాలేజీలోనే ఇంటర్, నేను రోజూ సాయంత్రం బంతులు వేస్తున్నాను. ఏమీ చెప్పను. నోరు తెరవబోయి మూసుకున్న రోజులే ఎక్కువ. ఆమె మోకాళ్లు వంచి, చేతులు జార్చి, మణికట్టు విదిలిస్తుంది. సెలక్షన్లు ఇంకా రాలేదు. చోటు దొరుకుతుందో లేదో నాకు తెలియదు. బంతి కంచె దాటగానే, "సార్!" అని చెయ్యి చూపిస్తుంది. కాయలు మళ్లీ పగిలాయి, చేనంతా తెల్లగా ఉంది. పంచె ఎగ్గట్టి నేనే వెళ్లి వెతుకుతాను.